ఎలక్ట్రాన్ ఎఫినిటీని కొలిచిన చరిత్ర

క్లోరిన్ పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి 12.97 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఇది దాని అయనీకరణ శక్తి. అదే పరమాణువు బయటి నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకుంటే 3.61 ఎలక్ట్రాన్ వోల్టులు విడుదలవుతాయి. ఇది ఎలక్ట్రాన్ ఎఫినిటీ. చేరిన ఎలక్ట్రాన్‌ను మళ్ళీ ఊడదీయాలంటే అంతే శక్తి వెచ్చించాలి. కాబట్టి క్లోరిన్ ఎలక్ట్రాన్ ఎఫినిటీ అన్నా, క్లోరైడ్ అయాన్ అయనీకరణ శక్తి అన్నా ఒకటే. నిర్వచనంలో ఇంత దగ్గరగా ఉన్నా, పరమాణువు అయనీకరణ శక్తినీ ఎలక్ట్రాన్ ఎఫినిటీనీ కొలవడంలో మాత్రం దశాబ్దాల ఎడం వచ్చింది.

అయనీకరణ శక్తికి వర్ణపటం తోడ్పడింది. హైడ్రోజన్ వర్ణపట రేఖలు ఒక హద్దు వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఆ హద్దు నుంచి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులన్న విలువ ఎలా వస్తుందో 1913లో నీల్స్ బోర్ సిద్ధాంతం వివరించింది. రుణ అయాన్‌లో అదనపు ఎలక్ట్రాన్ మీద పట్టు కొద్ది దూరంలోనే సన్నగిల్లుతుంది. అందువల్ల అటువంటి రేఖల శ్రేణి అక్కడ ఉండదు.

1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హాబర్ చుట్టుదారి పట్టారు. సోడియం, క్లోరిన్ కలిసి ఉప్పు ఏర్పడే చర్యను వారు మెట్లుగా విడదీశారు: సోడియం ఆవిరి కావడం, క్లోరిన్ అణువు విడిపోవడం, సోడియం అయనీకరణం, క్లోరిన్ ఎలక్ట్రాన్‌ను తీసుకోవడం, చివరికి అయాన్లు స్ఫటికంగా కూడడం. మిగతా విలువలు తెలిస్తే ఎఫినిటీ లెక్కలో తేలుతుంది. సోడియం అయనీకరణ శక్తి 5.14, క్లోరిన్ ఎఫినిటీ 3.61. అంటే ఎలక్ట్రాన్ మార్పిడి ఒక్కటే అయితే నష్టమే. ఆ లోటును అయాన్లు స్ఫటికంగా కూడినప్పుడు విడుదలయ్యే జాలక శక్తి పూడుస్తుంది. బోర్న్-హాబర్ చక్రం అనే ఈ మెట్ల లెక్క రసాయన శాస్త్రానికి ఇచ్చిన గొప్ప పాఠం ఇదే.

చుట్టుదారికి ఒక ప్రమాదం ఉంది: ఏ మెట్టులో తప్పు దొర్లినా అది ఎఫినిటీలోకే చేరుతుంది. ఫ్లోరిన్ విషయంలో అదే జరిగింది. దాని అణుబంధాన్ని ఉన్నదానికంటే ఎంతో బలమైనదిగా భావించడంతో, ఎఫినిటీ కూడా క్లోరిన్ కంటే ఎక్కువని చాలాకాలం నమ్మారు.

1934లో రాబర్ట్ ముల్లికన్ అయనీకరణ శక్తి, ఎలక్ట్రాన్ ఎఫినిటీల సగటునే రుణవిద్యుదాత్మకతకు, అంటే పరమాణువు ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణానికి, కొలమానంగా ప్రతిపాదించాడు. ఆలోచన చక్కనిదే, కానీ అప్పటికి ఎఫినిటీ తెలిసిన మూలకాలు కొద్ది.

1950లలో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో లూయిస్ బ్రాన్స్‌కమ్ బృందం రుణ అయాన్ల పుంజంపై కాంతిని ప్రసరింపజేసి ఎలక్ట్రాన్లను విడదీసింది. ఇది రుణ అయాన్ అయనీకరణ శక్తిని నేరుగా కొలిచే మార్గం. 1970 నుంచి లేజర్లు ఈ పద్ధతికి ఎంతో కచ్చితత్వాన్ని తెచ్చాయి. నేటి పట్టికల్లో ఫ్లోరిన్ ఎఫినిటీ 3.40 ఎలక్ట్రాన్ వోల్టులు. మూలకాలన్నిటిలో అత్యధిక విలువ క్లోరిన్‌దే.