కబీర్‌వడ్: నర్మదా ద్వీపంలో వటవనం

సూరత్‌లో తాపీనదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్ ఒకప్పటి పల్లె, నేడు నగరంలో కలిసిపోయిన నివాసప్రాంతం. అక్కడినుండి ఉత్తరంగా భరూచ్ చేరి, నర్మద వెంట ఎగువకు సాగి, శుక్లతీర్థం సమీపాన పడవ ఎక్కితే కబీర్‌వడ్ ద్వీపం వస్తుంది. దూరానికి అది ఒక చిన్న అడవి. ఒడ్డు దిగి లోపలికి నడిచిన తరువాతగాని, అదంతా ఒకే మర్రి సంతతి అని స్ఫురించదు.

సూరత్ ప్రాంతపు చెట్లకు, తోటలకు విదేశీయుల రచనలలో మంచి స్థానమే ఉంది. 1623లో సూరత్‌కు వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే, ఊరి దాపున ఒక మర్రిని చూశాడు. దాని బోదెపై ముఖాన్ని పోలిన వలయానికి రంగు పూసి, పార్వతిగా కొలిచేవారని వ్రాశాడు. 1666లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, మొగలు చక్రవర్తి సోదరికి చెందిన తోటలో మామిళ్లు, తాళ్లు, మర్రులు వరుసలు తీరి ఉన్నాయన్నాడు. ఇంగ్లీషువారు మర్రికి పెట్టుకున్న 'బనియన్' అనే పేరు కూడా, దాని నీడన కూర్చునే గుజరాతీ వణిజుల పేరే.

కబీర్‌వడ్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు మాత్రం జేమ్స్ ఫోర్బ్స్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా భరూచ్‌లో పనిచేసిన ఈయన 1813లో ప్రచురించిన 'ఓరియంటల్ మెమోయిర్స్'లో కొలతలు ఇచ్చాడు: ముఖ్యమైన మానుల చుట్టూ దాదాపు 2000 అడుగులు, పెద్ద బోదెలు 350, చిన్నవి 3000కు పైగా. ఏడువేలమంది ఆ నీడలో విశ్రమించవచ్చునట. ఈ అంకెలకన్న విలువైన మాట మరొకటి ఉంది. వరదలు ఈ చెట్టులో గణనీయమైన భాగాన్ని అప్పటికే కొట్టుకొనిపోయాయని, తాను కొలిచింది మిగిలిన చెట్టునేనని ఆయన తెలిపాడు.

తత్త్వా, జీవా అనే సోదరులు ఎండిన మర్రికొమ్మను నాటి, ఎవరి పాదోదకంతో అది చిగురిస్తే వారినే గురువుగా స్వీకరిస్తామన్నారనీ, కబీరు పాదాలు కడిగిన నీటితో అది చిగిర్చిందనీ స్థలకథ. ఇది విన్న తెలుగువారికి కదిరి ప్రాంతపు తిమ్మమ్మ మర్రిమాను తలపునకు రాకమానదు. 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కిన ఆ చెట్టు కూడా, సహగమనం చేసిన తిమ్మమ్మ చితి వద్ద నాటిన గుంజ చిగిర్చగా పుట్టిందనే కదా మన కథ! రెండింటి వెనుకా రైతుల అనుభవజ్ఞానం ఉన్నదని నా అభిప్రాయం. మర్రికొమ్మ పాతితే వేరు తొడుగుతుంది. ఊడ నేల తాకితే బోదె అవుతుంది. తల్లిమాను నశించినా చెట్టు నిలుస్తుంది. సూరత్ కవి నర్మద్ (1833–1886) ఈ వటవృక్షంపై 'కబీర్‌వడ్' పేరిట కవిత వ్రాశాడు.

అయితే ఈ నిలకడ నేలమీద, నీటిమీద ఆధారపడినది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు సోకగా, 2018లో సెలైను సీసాలద్వారా మందు ఎక్కించవలసి వచ్చింది. కబీర్‌వడ్ విషయం మరింత జటిలం. నర్మదపై సర్దార్ సరోవర్ ఆనకట్ట 2017లో జాతికి అంకితమయింది. దిగువన ప్రవాహం తగ్గిన కాలాల్లో సముద్రపు ఉప్పునీరు నదిలోకి ఎగదన్నుతుంది. గేట్లు ఎత్తినప్పుడు, 2023 సెప్టెంబరులో వలె, భరూచ్ తీరం మునుగుతుంది. ఉప్పునీటిని ఆపి మంచినీరు నిలపడానికి భరూచ్ దిగువన భాడ్‌భూత్ వద్ద బరాజుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ద్వీపం దానికి ఎగువన ఉన్నది.