నలభయ్యో రోజు పండుగ

క్రీస్తు పుట్టిన కబురు అందగానే గొర్రెల కాపరులు పరుగున వచ్చారు. జ్ఞానులు నక్షత్రాన్ని చూసి బయలుదేరారు. వాళ్లందరికన్నా ఎంతో ముందునుంచి ఎదురుచూస్తున్న ఇద్దరు మాత్రం బేత్లెహేముకు వెళ్లనేలేదు. నలభయ్యో రోజున బిడ్డే వాళ్లున్న చోటికి వచ్చాడు. ఫిబ్రవరి 2న జరుపుకునే సమర్పణ పండుగ పుట్టింది ఆ కలయికలోంచే.

మగబిడ్డ పుట్టిన నలభై రోజులకు తల్లి శుద్ధికోసం గొర్రెపిల్లను అర్పించాలని, అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు చాలునని లేవీయకాండం చెబుతుంది. మరియ, యోసేపులు యెరూషలేము దేవాలయానికి పేదల కానుకతోనే వచ్చారు. అక్కడి జనంలో ఆ బిడ్డ ఎవరో సుమెయోను గుర్తుపట్టి చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన ముసలివాడని లూకా తన సువార్తలో ఎక్కడా రాయలేదు. క్రీస్తును చూడకుండా చనిపోడన్న మాట దేవునినుంచి అందిందని మాత్రమే రాశాడు. ముసలితనం చిత్రకారులు చేర్చింది. ఎదురుచూసిన రెండో మనిషి, అన్న అనే ఆవిడ మాత్రం నిజంగానే పెద్దావిడ. ఏడేళ్ల కాపురం తర్వాత భర్త పోయాడు. అప్పటినుంచి గుడే ఆమె లోకం, ఉపవాసమూ ప్రార్థనా ఆమె పని. ఎదురుచూడడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని ఈమెను చూస్తేనే నాకు బాగా అర్థమవుతుంది.

ఈ పండుగ గురించి మనకు దొరికే తొలి కథనం 380ల నాటిది. యెరూషలేముకు వచ్చిన ఎగేరియా అనే యాత్రికురాలు, అక్కడ నలభయ్యో రోజును ఈస్టరు అంత సంతోషంగా జరుపుతున్నారని రాసింది. అప్పట్లో అక్కడ లెక్క క్రీస్తు పుట్టుకను జరిపే జనవరి 6 నుంచి కాబట్టి పండుగ ఫిబ్రవరి 14న వచ్చేది. ఆర్మేనియా సంఘంలో ఇప్పటికీ అదే తేదీ. డిసెంబరు 25 నుంచి లెక్కపెట్టినచోట ఫిబ్రవరి 2 అయింది. రోములో 7వ శతాబ్దం చివర, సిరియా మూలాలున్న పోపు మొదటి సెర్గియస్ ఈ రోజుకు ఊరేగింపు ఏర్పాటు చేశాడు. బిడ్డను అన్యజనులకు వెలుగని సుమెయోను పిలిచాడు గనుక చేతుల్లోకి కొవ్వొత్తులు వచ్చాయి. పోలెండులో ఆనాడు దీవించిన కొవ్వొత్తిని ఇంట్లో దాచి, ఉరుముల వేళ, మరణశయ్య పక్కన వెలిగిస్తారు. క్రిస్మస్ పాటలు కూడా అక్కడ ఆ రోజుదాకా పాడతారు.

చిత్రకారుడు రెంబ్రాంట్ సుమెయోను బిడ్డను ఎత్తుకున్న ఘట్టాన్ని 1631లో, పాతికేళ్ల వయసులో, విశాలమైన దేవాలయం నిండా జనంతో చిత్రించాడు. 1669లో ఆయన చనిపోయాక చిత్రశాలలో అసంపూర్తిగా మిగిలిన పటంలో ఆ దేవాలయమూ లేదు, జనమూ లేరు. దాదాపు మూతపడిన కళ్లతో ఒక ముసలాయన, ఆయన చేతులమీద పసివాడు. ఆ రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

బిడ్డను ఎత్తుకుని సుమెయోను పలికిన స్తుతే ఆయన కీర్తన. అది మనదాకా వచ్చిన దారి వేరు. మఠాల్లో నిద్రకు ముందు పాడే ఆ కీర్తనను 1549లో ఇంగ్లండు ఆర్చిబిషప్పు క్రాన్మర్ ఆంగ్లికన్ సాయంకాల ప్రార్థనలో చేర్చాడు. ఆ ప్రార్థనా క్రమం మిషనరీలతో తెలుగునేలకు చేరింది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య పనిచేసిన దోర్నకల్ డయోసిస్ ఆ సంప్రదాయానిదే. అలా, ఏడాదికొక్కసారి వచ్చే పండుగ కీర్తన సాయంకాల ప్రార్థనలో ఏడాది పొడవునా చోటు సంపాదించుకుంది.