సింగరేణి బొగ్గు, బోరబండ కప్పు

బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి లింగంపల్లి దిక్కుగా పోవువాడు తరువాతి స్టేషనగు హైటెక్ సిటీలోనే దిగును. ఆ కొద్దిపాటి దూరములోనే సిమెంటు రేకుల కప్పులు వెనుకబడి అద్దాల మేడలు ఎదురగును. ఈ రెంటికిని వెలుగునిచ్చు కరెంటు ఒక్కటే. ఆ కరెంటును శాసించు చట్టములును ఒక్కటే. అయినను ఆ చట్టముల మేలు ఏ కాలమున ఎవరి గడపను ముందుగా తొక్కెనో, ఎవరి గడపకు ఇంకను రావలసియున్నదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ హైదరాబాదు నగరపు వెలుగునకు మూలము బొగ్గు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడగు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనగా, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ దానిని త్రవ్వు హక్కులను పొందెను; 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను; 1945లో నిజాము ప్రభుత్వము ఆ కంపెనీ వాటాలను కొని గనులను తన చేతిలోనికి తీసికొనెను. ఆ 1920 ప్రాంతముననే హుస్సేన్‌సాగరు గట్టున బొగ్గుతో నడుచు విద్యుత్కేంద్రము వెలసి, క్రమక్రమముగా పెరిగి 22.5 మెగావాట్ల శక్తిని సంతరించుకొని, 1983లో ఆగిపోవువరకు నగరమునకు దీపమై నిలిచెను. గనిలో దిగినవాని చెమట ఎక్కడనో రాలగా, దీపము మొదట వెలిగినది నగరమున గలవారి ఇంటనే యని మనము మరువరాదు.

వెలుగు వచ్చిన పిదప దానిపై పన్నును వచ్చెను. 1939లో మదరాసు రాష్ట్రమున పుట్టిన విద్యుత్ సుంకపు చట్టము, రాష్ట్రములు మారిన కొలదియు పేరు మార్చుకొనుచు, మొదట ఆంధ్రప్రదేశ్ పేరను, పిదప తెలంగాణ పేరను నేటికిని జీవించియున్నది. యూనిటుకు 6 పైసల చొప్పున విధింపబడిన ఆ సుంకము బోరబండ ఇల్లాలి బిల్లులో నేటికిని ఒక చిన్న పంక్తిగా కనబడును. కరెంటుపై పన్నువేయు అధికారమును రాజ్యాంగము రాష్ట్రముల జాబితాలో 53వ అంశముగా ఉంచగా, పెట్రోలు, డీజిలు అమ్మకములపై పన్ను 54వ అంశము క్రింద రాష్ట్రములకే దక్కినది. అందుచేతనే 2017 జులై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చి తక్కిన పన్నులను పెక్కింటిని తనలో కలుపుకొన్నను ఈ రెండు ఇంధనములు వెలుపలనే మిగిలిపోయెను. 2015 మొదలు పెట్రోలుపై 35.20 శాతము, డీజిలుపై 27 శాతము వ్యాటు విధించుచున్న తెలంగాణ ఖజానాకు ఇది పెద్ద ఆధారము; దినమెల్ల ఆటో నడిపి బ్రతుకువానికి మాత్రము పెద్ద భారము.

1998వ సంవత్సరము ఈ కథలో ఒక మలుపు. ఆ యేడే విద్యుత్ సంస్కరణల చట్టము శాసనసభలో నెగ్గెను. ఆ యేడే నవంబరు 22న హైటెక్ సిటీలోని సైబర్ టవర్సు ప్రారంభోత్సవము జరిగెను. 1959లో పుట్టిన విద్యుత్ బోర్డు ఆ చట్టముచే 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలినది. ధరలను నిర్ణయించుటకు నియంత్రణ మండలి ఏర్పడినది. పెరిగిన చార్జీలపై ప్రజాగ్రహము ఉప్పొంగి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగులో పోలీసు కాల్పులకు ముగ్గురు బలియైరి. కరెంటు ధర యనునది లెక్కల పుస్తకములోని అంకె మాత్రమే యని తలచిన పాలకులకు ఆ నెత్తురు చెప్పిన పాఠము చిన్నది కాదు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు, 2024లో ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమిచ్చు గృహజ్యోతి, ఆ పాఠమును మరువని కాలమున వచ్చినవే.

ఇక నేటి ప్రశ్న, కరెంటు వాడుకను పెంచు వేడిమి. ఈ విషయమున మేడలు ముందే మేల్కొన్నవి. హైటెక్ సిటీ చెంత నెలకొన్న సి.ఐ.ఐ. హరిత భవన కేంద్రమును 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాము ప్రారంభించెను. 2014లో పెద్ద వాణిజ్య భవనములకు ఇంధన పొదుపు నియమావళి విధియయ్యెను. పిదప 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము, దేశమున మరి యే రాష్ట్రమును చేయకమునుపే, చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. ఎండను వెనుకకు త్రిప్పికొట్టు తెల్లని పూతలు, పలకలు కప్పుపై పరచినచో గదిలోని తాపము తగ్గునని దాని సారము. వేసవికి ముందు మిద్దెపై సున్నము కొట్టించిన మన పెద్దలకు ఇది తెలియని విద్య కాదు.

అయితే ఆ విధానము సర్కారు భవనములకును, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములును అంతకు మించియు స్థలముగల నివాసములకును తప్పనిసరియై, అంతకు చిన్న ఇండ్లకు ఐచ్ఛికముగానే మిగిలినది. బోరబండ సందులలో 600 గజముల ఇల్లెక్కడిది? పేదపై నిర్బంధము మోపకుండుట దయయే, సందేహము లేదు. కాని రేకుల క్రింద ఉడికిపోవు పసిబిడ్డ ఉన్నది ఆ చిన్న ఇంటనే. అచ్చటనే ఫ్యాను రేయింబవళ్లు తిరుగవలెను, అచ్చటనే 200 యూనిట్ల గీత దాటునేమోయన్న బెంగ ఉండును. ఆ యింటివానికి ఐచ్ఛికమన్న మాట, చేతిలో పైకము లేనప్పుడు, లేదన్న మాటతో సమానము. కావున పెద్ద ఇంటికి ఆజ్ఞయై వచ్చిన చట్టము చిన్న ఇంటికి సాయమై రావలెను. యూనిటుకు 6 పైసల చొప్పున ఇన్నేండ్లుగా తీసికొనిన చేయి, ఒక్క వేసవికి ముందైనను ఒక బకెట్టు తెల్లపూతను ఆ రేకులపైకి అందించవలెను.