లైనస్‌కి పంపిన ప్యాచ్‌లు ఎక్కడికి పోయాయి?

గిట్ వాడని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇవాళ దాదాపు కనపడడు. అదెందుకు పుట్టిందంటే బిట్‌కీపర్ లైసెన్సు గొడవ వల్ల అని చెప్తారు. నిజమే, కానీ అది చివరి మెట్టు. అసలు కథ ఒక మనిషి ఇన్‌బాక్స్ నిండిపోవడంతో మొదలైంది.

1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటించాడు. తర్వాత కొన్నేళ్లు పద్ధతి చాలా సింపుల్. కోడ్ మార్చు, ప్యాచ్‌ని ఈమెయిల్లో పంపు, అంతే! ఏ ఊరు, ఏ డిగ్రీ, ఏ కంపెనీ అని అడిగేవాడు లేడు. తలుపు బార్లా తెరిచే ఉంది. కాకపోతే లోపల కూర్చుని చదివేది ఒక్కడే.

1998 కల్లా అది కుదరలేదు. లైనస్‌కి నచ్చని ప్యాచూ, చదవడానికి టైము దొరకని ప్యాచూ రెండూ ఒకేలా మాయమయ్యేవి, జవాబు లేకుండా. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి హెచ్చార్ ఫోన్ కోసం ఎదురుచూసేవాడి పరిస్థితి అన్నమాట. ఆ సెప్టెంబర్ చివర్లో పెద్ద రగడే జరిగింది. 'లైనస్ స్కేల్ అవ్వడు' అన్న మాట అప్పుడే ప్రచారంలోకి వచ్చింది. పాతకాపులైతే మళ్లీ మళ్లీ పంపుతారు, పోట్లాడతారు. మొదటిసారి పంపినవాడు? తన కోడే చెత్త అనుకుని ఊరుకుంటాడు. లైనస్ తిట్ల గురించి అందరూ మాట్లాడతారు (2018 సెప్టెంబర్లో ఆయనే క్షమాపణ చెప్పాడు కూడా), కానీ నన్నడిగితే ఈ మౌనమే ఎక్కువమందిని బయటికి పంపి ఉంటుంది. తిట్టు కనీసం నలుగురికీ కనపడుతుంది.

2002 జనవరిలో మళ్లీ అదే గొడవ. పోయిన ప్యాచ్‌లు ఏరి పెట్టడానికి ఒక మనిషిని పెట్టమని రాబ్ లాండ్లీ ప్రతిపాదించాడు. లైనస్ ఒప్పుకోలేదు. నేను నమ్మే కొద్దిమందికి పంపండి, వాళ్లు నాకు పంపుతారు అన్నాడు. వినడానికి అహంకారంలా ఉన్నా, లెక్క ప్రకారం అదే సరైనది. పంపేవాళ్లని తగ్గించకుండా చదివేవాళ్లని పెంచడం! ఆ ఫిబ్రవరిలో బిట్‌కీపర్ వచ్చింది, 2005 ఏప్రిల్లో దాని ఉచిత వెర్షన్ పోయింది, అదే నెలలో గిట్ పుట్టింది.

గిట్‌లో ఆథర్, కమిటర్ అని రెండు పేర్లు వేరుగా ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? ప్యాచ్ ముగ్గురి చేతులు మారినా రాసినవాడి పేరు పోకూడదని. మధ్యవర్తులు పెరిగినప్పుడు మొదట మింగుడుపడేది చిన్నవాడి పేరే కదా. దాన్ని డేటా స్ట్రక్చర్లోనే కట్టిపడేశారు. 2009లో ప్యాచ్ ఎవరికి పంపాలో చెప్పే గెట్_మెయింటెయినర్ అనే స్క్రిప్టు కూడా చేర్చారు. కొత్తవాడికి పెద్దల పరిచయం అవసరం లేకుండా పోయింది.

ఇప్పుడు ఒక్కో కెర్నెల్ రిలీజుకి వెయ్యిమందికి పైగా రాస్తున్నారు. అంతా బాగుందని కాదు. అప్పుడు లైనస్ ఒక్కడు మునిగాడు, ఇప్పుడు మెయింటెయినర్లు మునుగుతున్నారు. మెయింటెయినర్స్ ఫైలు తెరిచి చూడండి, కొన్ని భాగాల పక్కన స్టేటస్ 'ఆర్ఫన్' అని ఉంటుంది. దిక్కులేనివి అన్నమాట. అలాంటి చోట్లకి వచ్చిన ప్యాచ్‌లు చాలా ఏళ్లపాటు ఆండ్రూ మార్టన్ ఇన్‌బాక్స్‌కే చేరుతూ వచ్చాయి.