మాస్ట్ కణ వ్యాధులు, పరిసరాలు పడకపోవడం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం

మాస్ట్ కణ వ్యాధులు అంటే చర్మం, ఊపిరితిత్తులు, పేగుల గోడల్లో ఉండే మాస్ట్ కణాలు లెక్కకు మించి పెరగడం వల్ల గానీ, తగిన కారణం లేకుండానే తమలోని రసాయనాలను వెళ్లగక్కడం వల్ల గానీ వచ్చే జబ్బులు. వీటిలో ముఖ్యమైనవి మాస్టోసైటోసిస్, మాస్ట్ కణ ఉద్రేక సిండ్రోమ్. దుమ్ము, ఎండ, పురుగుకాటు, ఘాటైన వాసనలతో వీటికున్న సంబంధంలో కొంత రుజువైంది, కొంత ఇంకా వాదనగానే ఉంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో పట్టు పని, వయ్యారిభామ మొక్క, మెట్ట సేద్యపు దుమ్ము ఒకేచోట ఉన్నాయి. అందుకే ఏది మాస్ట్ కణ వ్యాధి, ఏది మామూలు ఎలర్జీ, ఏది రెండూ కాదు అని విడదీసి చూడటానికి ఈ ప్రాంతం తగిన ఉదాహరణ.

తెలుగులో ఈ బాధలన్నిటికీ కలిపి ‘పడదు’ అనే ఒక్క మాట వాడతారు. వంకాయ పడదు, దుమ్ము పడదు, అగరొత్తుల పొగ పడదు, ఫలానా సూది పడదు. మాట ఒకటే అయినా ఒంట్లో జరిగేది ఒకటి కాదు. వైద్యం చేసేవారి మొదటి పని ఆ తేడా పట్టుకోవడమే.

కణం, దాని చరిత్ర

మాస్ట్ కణాన్ని గుర్తించింది జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిఖ్. 1878లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఆయన దీన్ని వర్ణించాడు. అప్పట్లో బట్టల అద్దకం కోసం కొత్తగా వచ్చిన అనిలిన్ రంగులతో ఆయన శరీర కణజాలానికి రంగు వేసి చూసేవాడు. కొన్ని కణాల్లోని రేణువులు నీలిరంగు పీల్చుకుని ఊదాగా మారాయి. నూలు ఏ రంగును ఎలా పట్టుకుంటుందో చూసే అద్దకపువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఆ కణాలు బాగా మేసి నిండినట్టు కనిపించడంతో, మేతను సూచించే జర్మన్ మాటతో ‘మాస్ట్’ అని పేరు పెట్టాడు.

ఈ కణాలు ఎముక మజ్జలో పుట్టి, కణజాలంలోకి చేరాక ఎదుగుతాయి. బయటి ప్రపంచం ఒంటిని తాకే చోట్ల, అంటే చర్మం, ముక్కు, శ్వాసనాళాలు, పేగుల్లో ఎక్కువగా కాపుంటాయి. వీటి రేణువుల్లో హిస్టమిన్, హెపారిన్, ట్రిప్టేజ్ ఉంటాయి. కణం ఉద్రేకపడితే అవి నిమిషాల్లో బయటికి వస్తాయి. వాటి వెంట ప్రోస్టాగ్లాండిన్ డి2, ల్యూకోట్రయిన్లు కొత్తగా తయారవుతాయి. చర్మం ఎర్రబడి దద్దుర్లు లేవడం, ముక్కు కారడం, పిల్లికూతలు, కడుపునొప్పి, విరేచనాలు, రక్తపోటు పడిపోవడం ఈ రసాయనాల పనే. పురుగుల నుంచి, విషాల నుంచి శరీరాన్ని కాపాడటానికి ఏర్పడ్డ ఏర్పాటు ఇది.

మూడు దారులు

మొదటిది మామూలు ఎలర్జీ. ఇందులో కణాలు ఆరోగ్యంగానే ఉంటాయి. పుప్పొడి వంటి పదార్థానికి ఎదురుగా తయారైన ఐజీఈ అనే ప్రతిరక్షకం కణాల మీద కూర్చుని, ఆ పదార్థం మళ్లీ తగిలినప్పుడు వాటిని రేపుతుంది. ఐజీఈని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు.

రెండోది మాస్టోసైటోసిస్. ఇక్కడ కణాలే మారిపోతాయి. పెద్దల్లో వచ్చే సర్వాంగ మాస్టోసైటోసిస్‌లో నూటికి 90 మందికి పైగా రోగుల్లో కిట్ జన్యువులో డి816వి అనే మార్పు కనిపిస్తుంది. ఇది సాధారణంగా తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పుట్టాక మజ్జలోని ఒక కణంలో ఏర్పడి పెరిగేది. యూరప్ అంచనాల ప్రకారం సుమారు 10,000 మందిలో ఒకరికి మాస్టోసైటోసిస్ ఉంటుంది. పిల్లల్లో ఇది ఎక్కువగా చర్మానికే పరిమితం. రెండేళ్లలోపు గోధుమరంగు మచ్చలుగా మొదలై, చాలామందిలో యుక్తవయసుకు తగ్గుముఖం పడుతుంది. ఆ మచ్చను వేలితో గానీ చెక్కపుల్లతో గానీ మెల్లగా రుద్దితే కొద్ది నిమిషాల్లో అంతమేరకే ఎర్రగా ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న చర్మం మాత్రం అలాగే ఉంటుంది. దీన్ని డారియర్ గుర్తు అంటారు. పుట్టుమచ్చో, పురుగు పాకిన గుర్తో అనుకుని వదిలేసిన మచ్చ అసలు సంగతి ఒక్కోసారి ఇలా బయటపడుతుంది.

మూడోది మాస్ట్ కణ ఉద్రేక సిండ్రోమ్. కణాల సంఖ్య మామూలుగానే ఉన్నా అవి మళ్లీమళ్లీ రేగుతుంటాయి. 2010 తర్వాత నిపుణులు దీనికి నిర్ధారణ నియమాలు పెట్టారు. ఇవికాక ట్రిప్టేజ్ జన్యువు అదనపు ప్రతుల వల్ల పుట్టుకతోనే ఆ ఎంజైము ఎక్కువగా ఉండే వంశపారంపర్య స్థితిని 2016లో వివరించారు.

రేపేవి ఏవి

ప్రేరకం వేరు, జబ్బు వేరు. ఎండ వల్ల మాస్టోసైటోసిస్ రాదు. ఉన్నవారిలో ఎండ దాన్ని రేపుతుంది. వేడి, ఉన్నట్టుండి చన్నీళ్ల స్నానం, ఒరిపిడి, అధిక శ్రమ, మానసిక ఒత్తిడి, మద్యం, కొన్ని నొప్పి మాత్రలు, మార్ఫిన్ జాతి మందులు, స్కానింగులో ఎక్కించే కాంట్రాస్ట్ మందు సాధారణ ప్రేరకాలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమలో వేడి అనే ప్రేరకం నుంచి తప్పించుకోవడం కష్టమే.

వీటిలో అతి ప్రమాదకరమైనది తేనెటీగ, కందిరీగ కాటు. మాస్టోసైటోసిస్ ఉన్నవారు కాటుకు దద్దుర్లేమీ లేకుండానే రక్తపోటు పడిపోయి కూలిపోవచ్చు. దద్దుర్లు లేవు కాబట్టి ఎలర్జీ కాదనుకోవడం అక్కడ ప్రాణాంతకమైన పొరపాటు.

ఐజీఈ లేకుండానే కణాన్ని నేరుగా రేపే ద్వారం కూడా ఉంది. ఎం.ఆర్.జి.పి.ఆర్.ఎక్స్2 అనే గ్రాహకం మీద సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు, మత్తు వైద్యంలో వాడే కొన్ని కండర సడలింపు మందులు పనిచేస్తాయని 2015లో తేలింది. జీవితంలో మొదటిసారి వాడిన మందే పడకపోవడానికి ఇదొక వివరణ.

ప్రాంతంలోని పరిసరాలు

పట్టు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్, పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉన్నాయి. ధర్మవరం పట్టుచీరలకు పేరుపొందిన మగ్గాల ఊరు. మల్బరీ తోట నుంచి మగ్గం దాకా ఒక్కో మెట్టులో గాలిలో కలిసేది ఒక్కోటి. పురుగుల పెంపకం షెడ్డులో పురుగు విసర్జకం, రోగాలు రాకుండా వాడే సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఫార్మలిన్ ఘాటు. విత్తన కేంద్రాల్లో పట్టు శలభాల రెక్కల పొడి. గూళ్ల నుంచి దారం తీసే రీలింగులో ఉడుకుతున్న తొట్టి మీదికి వంగి పోగు కొస వెతికే మనిషి ముఖానికి తగిలే ఆవిరి. పోగును అంటిపెట్టుకుని ఉండే సెరిసిన్ అనే బంక, పురుగు శరీరపు మాంసకృత్తులు ఎలర్జీ కలిగిస్తాయి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పి.వి. సుబ్బారావు బృందం పట్టు ఫిలేచర్లలో, అంటే రీలింగు మిల్లుల్లో, పనిచేసేవారిలో వృత్తి వల్ల వచ్చే ఉబ్బసంపై 1985లో అధ్యయనం ప్రచురించింది.

అద్దకానికి ముందు సబ్బు, సోడాతో ఉడికించి బంక తీసేస్తారు. పచ్చి పట్టు బరువులో దాదాపు నాలుగోవంతు ఈ బంకే. అది పోయాక నేసిన చీర కట్టుకున్నవారికి పట్టు పడకపోవడం అరుదు. బాధ ఎక్కువగా చీర కట్టేవారిది కాదు, గూడు దగ్గర కూర్చునేవారిది. ఈ ఉబ్బసంలో మాస్ట్ కణాలు పాలుపంచుకుంటాయి కానీ ఇది మాస్ట్ కణ వ్యాధి కాదు. కణం సరిగానే ఉంది, దానికి ఎదురైన గాలే సరిగా లేదు.

వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఈ మొక్క దేశంలో విస్తరించడం 1950ల మధ్యలో పుణె దగ్గర గమనించారు. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్‌కు ఇదే ఆశ్రయం. వైరస్ ఉన్న దీని పుప్పొడిని తామర పురుగులు పంటకు చేర్చాయి. మనుషుల మీద ఈ మొక్క రెండు విధాలుగా పనిచేస్తుంది. పుప్పొడికి తుమ్ములు, ముక్కు కారడం వస్తే అది ఐజీఈ, మాస్ట్ కణాల దారి, నిమిషాల్లో తెలుస్తుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో చర్మం దళసరిగా మారి పగిలితే అది మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనానికి రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు చూపే ప్రతిచర్య. అది ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు, అందులో మాస్ట్ కణాలది ప్రధాన పాత్ర కాదు. మొదటిదానికి చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష, రెండోదానికి వీపు మీద పట్టీలు అంటించి చూసే పరీక్ష చేస్తారు. మొక్క ఒకటే, ‘పడదు’ అనే మాట ఒకటే, దారులు మాత్రం రెండు.

పరీక్షకూ జబ్బుకూ తేడా. హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులోనూ, మైసూరులోనూ పెద్దవారిపై జరిగిన యూరోప్రివాల్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు 26.5 శాతం కాగా, నిజంగా ఆహార ఎలర్జీ ఉండే అవకాశమున్నవారు 1.2 శాతమే. రక్తపరీక్ష కాగితం చూసి పాలూ పప్పులూ మాన్పించడం ఎంత తొందరపాటో ఈ రెండు అంకెలు చెబుతాయి.

రసాయన అసహనం: వాదన, సాక్ష్యం

పెయింటు, అత్తరు, పురుగుమందుల వాసన కొద్దిగా తగిలినా తలనొప్పి, నీరసం, ఆయాసం, మతిమరుపు కలుగుతున్నాయని చెప్పే స్థితిని బహుళ రసాయన సున్నితత్వం అంటారు. అమెరికా వైద్యుడు మార్క్ కల్లెన్ 1987లో దీనికి నిర్వచనం ఇచ్చాడు. ఒక పెద్ద మోతాదు గానీ చాలాకాలపు చిన్న మోతాదులు గానీ తగిలాక శరీరం ఓర్పు కోల్పోతుందని అమెరికా వైద్యురాలు క్లాడియా మిల్లర్ 1990లలో ప్రతిపాదించారు. ఆ ఓర్పు పోవడానికి మాస్ట్ కణాల ఉద్రేకమే మూలం కావచ్చని మిల్లర్, లారెన్స్ ఆఫ్రిన్ తదితరులు 2021లో రాశారు. మాస్ట్ కణ ఉద్రేకం ఉన్నవారి జవాబులూ, రసాయనాలు పడనివారి జవాబులూ ఒకే ప్రశ్నావళిలో దగ్గరగా ఉన్నాయన్నది వారి ఆధారం.

ప్రశ్నావళి పోలిక కారణానికి రుజువు కాదు. పైగా 2006లో వచ్చిన ఒక సమీక్ష, ఏది పీలుస్తున్నారో తెలియకుండా పరీక్షించినప్పుడు రోగులు రసాయనాన్నీ మామూలు గాలినీ నమ్మకంగా వేరుచేయలేకపోయారని తేల్చింది. దీని అర్థం బాధ అబద్ధమని కాదు. ఆ బాధకు మాస్ట్ కణమే కారణమని ఇంకా చూపలేదని. బండ్లకు స్ప్రే పెయింటు వేసే షెడ్లలో రంగును గట్టిపరచడానికి కలిపే ఐసోసయనేట్లు ఉబ్బసం తెస్తాయన్నది మాత్రం రుజువైన సంగతి. వాసన పడదన్న ప్రతివారినీ భయస్తులుగా కొట్టిపారేయకూడదనడానికి అదే ఉదాహరణ.

నిర్ధారణ

ఉద్రేక సిండ్రోమ్ అనడానికి మూడు ఉండాలి: రెండు లేదా అంతకుమించిన అవయవ వ్యవస్థల్లో ఒకేసారి మళ్లీమళ్లీ లక్షణాలు రావడం, ఆ సమయంలో మాస్ట్ కణ రసాయనం పెరగడం, తగిన మందుతో తగ్గడం. రక్తంలో ట్రిప్టేజ్ కోసం నమూనాను బాధ మొదలైన 4 గంటల్లోపు తీయాలి. పూర్తిగా తేరుకుని కనీసం 24 గంటలయ్యాక మళ్లీ తీయాలి. మొదటిది రెండోదానికన్నా 20 శాతం, దానిమీద మిల్లీలీటరుకు మరో 2 నానోగ్రాములు ఎక్కువుంటే ఉద్రేకం జరిగినట్టు. తేరుకున్నాక కూడా మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే మాస్టోసైటోసిస్ కోసం మజ్జ పరీక్ష, కిట్ జన్యు పరీక్ష ఆలోచిస్తారు. ట్రిప్టేజ్ మామూలు రక్తపరీక్షల జాబితాలో ఉండదు, ప్రత్యేకంగా అడగాలి. దద్దుర్లు తగ్గాక మర్నాడు ఆసుపత్రికి వెళితే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.

చికిత్స, జాగ్రత్త

సెట్రిజిన్ వంటి హిస్టమిన్ నిరోధకాలు మొదటి మెట్టు. అవసరాన్ని బట్టి ఫామోటిడిన్, సోడియం క్రోమోగ్లైకేట్, మాంటెలుకాస్ట్, ఒమాలిజుమాబ్ వాడతారు. ముదిరిన సర్వాంగ మాస్టోసైటోసిస్‌కు అమెరికాలో 2017లో మిడోస్టారిన్‌ను, 2021లో అవాప్రిటినిబ్‌ను అనుమతించారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందు అడ్రినలిన్ ఒక్కటే. పెద్దవారికి 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలోకి ఇస్తారు. అలవాటుగా వేసే ఏవిల్ సూది దురదను తగ్గిస్తుంది కానీ పడిపోయిన రక్తపోటును లేపలేదు.

ప్రేరకాలను పట్టుకోవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ ఉండగా, ఏం తిని, ఏ మందు వేసుకున్నాక మొదలైందో రాసుకున్న చిన్న నోటుబుక్కు చాలు. రీలింగు పనివారికి ఆయాసం సెలవురోజు తగ్గి, పనిలోకి వెళ్లిన రోజు తిరగబెడితే కారణం పని దగ్గరే ఉందని అనుమానించాలి. గాలి ఆడే షెడ్డు, తొట్టి ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, ముఖానికి మాస్కు అక్కడ తీసుకోవాల్సిన మొదటి జాగ్రత్తలు. సెలవుకూ పనికీ సంబంధం లేకుండా, రుద్దితే ఉబ్బే మచ్చలతోనో, పురుగు కుట్టి స్పృహ తప్పడంతోనో వచ్చిన మనిషికి మాత్రం పరిసరాలు మార్చి ఊరుకుంటే చాలదు. అక్కడ చూడవలసింది ఎముక మజ్జను.