పెంపుడు కుందేలుకు స్టెరాయిడ్ మందులు: ఎప్పుడు వాడాలి, ఎక్కడ ఆగాలి

సిరికొండ (నిజామాబాద్ జిల్లా): ఇంట్లో పెంచుకునే కుందేలుకు జబ్బు చేస్తే మండల కేంద్రాల్లో ముందు గుర్తొచ్చేది మందుల షాపే. పల్లెల్లో పశువుల డాక్టర్ల పని ఎక్కువగా బర్రెలు, మేకలు, గొర్రెలు, కోళ్లతోనే. అందుకే దమ్ముకో, కీళ్ల నొప్పులకో పెద్దవాళ్లు వాడుతున్న స్టెరాయిడ్ గోళీలోంచి ఓ ముక్క తుంచి కుందేలుకు ఇద్దామనే ఆలోచన వస్తుంది. ఒకట్రెండు రోజుల్లో అది హుషారుగా కనిపించొచ్చు కూడా. వాపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. కానీ లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది, కొన్నిసార్లు పెరుగుతుంది. బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. దీర్ఘకాలిక జబ్బుకు ఏ మందు, ఎన్నాళ్లు అనేది తెలిసి వాడాలి.

స్టెరాయిడ్ అంటే ఏంటి?

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు మన ఒంట్లో రోజూ తయారు చేసే హార్మోన్‌కు దగ్గరి రూపాలే ఈ మందులు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్లవాతం ఉన్న రోగికి కార్టిసోన్ ఇచ్చి చూశారు. ఫలితం చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది. 1950లో ఆయనతో పాటు మరో ఇద్దరు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువ కాలం వాడితే వచ్చే నష్టాలు కూడా ఆ తర్వాత కొద్ది కాలానికే తెలిశాయి.

మన దగ్గర మందుల షాపుల్లో కనిపించే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అన్నీ ఈ కోవలోవే. వైసొలోన్, బెట్నెసాల్ లాంటి పేర్లు చాలా ఇళ్లలో విన్నవే.

కుందేలు విషయం ఎందుకు వేరు?

జంతువులను స్టెరాయిడ్‌ను తట్టుకునేవి, తట్టుకోలేనివి అని రెండు రకాలుగా చూస్తారు. మనుషులు, కోతులు, గినీ పందులు మొదటి రకం. కుందేళ్లు, ఎలుకలు రెండో రకం. కుందేలు రక్తంలో రోగాలతో పోరాడే తెల్ల కణాలు స్టెరాయిడ్ పడగానే బాగా తగ్గిపోతాయి.

దీని వల్ల పెద్ద చిక్కు ఉంది. చాలా కుందేళ్ల ముక్కులో పాస్చురెల్లా అనే బ్యాక్టీరియా ఏ లక్షణం లేకుండా ఉంటుంది. ఎన్సెఫలిటోజూన్ క్యునిక్యులి అనే సూక్ష్మజీవి మెదడులో, మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం అవి అణిగి ఉంటాయి. స్టెరాయిడ్ ఆ శక్తిని దెబ్బతీస్తే ముక్కు కారడం, న్యుమోనియా, చీము గడ్డలు, మెడ ఒక పక్కకు వాలిపోవడం లాంటివి బయటపడొచ్చు.

రెండో సంగతి తూకం. ప్రెడ్నిసొలోన్ గోళీలు 5, 10, 20, 40 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. అవి మనిషి లెక్కకు చేసినవి. కుందేలు బరువు రెండు కిలోలైతే అరవై కిలోల మనిషిలో ముప్పయ్యో వంతు. కంటి అంచనాతో తుంచిన ముక్క ఎన్ని రెట్లు ఎక్కువవుతుందో చెప్పలేం.

మూడోది కడుపు. కుందేలు వాంతి చేసుకోలేదు. స్టెరాయిడ్ వల్ల కడుపులో పుండ్లు పడితే బయటికి తెలియదు, తిండి మానేసినప్పుడే తెలుస్తుంది.

క్రీములు, చుక్కలు కూడా స్టెరాయిడే

గోళీ ఇవ్వట్లేదు, పైపూతే కదా అనుకోవద్దు. చర్మం మీద రాసిన క్రీము, కంట్లో, చెవిలో వేసిన చుక్కలు కూడా ఒంట్లోకి ఇంకుతాయి. పైగా కుందేలు ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి రాసిందంతా నోట్లోకి పోతుంది.

చెవిలో గట్టి పొక్కులు కడితే అది సాధారణంగా పురుగుల వల్ల వచ్చే గజ్జి. దానికి పురుగుల మందు కావాలి. వెంట్రుకలు గుండ్రంగా రాలితే తామర కావచ్చు. తామర మీద స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే ఎరుపు తగ్గి, ఫంగస్ ఇంకా పాకుతుంది. తామర పిల్లలకు కూడా అంటుకోవచ్చు. కంటి గుడ్డు మీద గీత పడినప్పుడు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే పుండు లోతుకు పోయి చూపే పోవచ్చు.

డాక్టర్లు ఎప్పుడు రాస్తారు?

కుందేలుకు స్టెరాయిడ్ అసలే వాడకూడదని కాదు. ఛాతీలో థైమస్ గ్రంథికి గడ్డ వచ్చినప్పుడు, లింఫోమా అనే క్యాన్సర్‌లో ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. అది గడ్డను కుదించి, ఊపిరి తేలిక చేసి, మిగిలిన రోజులు సుఖంగా గడిచేలా చూస్తుంది. వేరే మందులు పనిచేయని తీవ్రమైన అలర్జీ వాపుల్లోనూ ఆలోచిస్తారు. అది కూడా ఎక్స్‌రే, రక్త పరీక్ష లాంటివి చేసి, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నాకే.

కీళ్ల నొప్పులకు, పాదాల పుండ్ల నొప్పికి మొదటి మందుగా ఎక్కువగా మెలాక్సికామ్ వాడతారు. ఇది స్టెరాయిడ్ కాదు. మూత్రపిండాలు చూసుకుంటూ నెలల తరబడి కూడా ఇస్తారు. మెలాక్సికామ్, స్టెరాయిడ్ రెండూ ఒకేసారి ఇస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం చాలా పెరుగుతుంది. మెడ వాలిపోయే జబ్బుకు ఎన్సెఫలిటోజూన్ కారణమైతే ఫెన్‌బెండజోల్ 28 రోజులు ఇవ్వడం మామూలు పద్ధతి.

ఇంకో హెచ్చరిక: నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేసి ప్రాణం మీదికి తెస్తాయి. ఇంట్లో మిగిలిన పిల్లల సిరప్ ఇవ్వకండి.

రాసిస్తే ఇంట్లో ఏం చేయాలి?

* మందును ఒక్కసారిగా ఆపొద్దు. కొన్ని రోజులకు మించి వాడితే ఒంట్లోని గ్రంథులు సొంత హార్మోన్ తయారీ తగ్గిస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. మందు అయిపోక ముందే మళ్లీ తెచ్చిపెట్టుకోవాలి.

* ఒక నోటుబుక్కు పెట్టండి. మందు ఇచ్చిన టైము, తిన్న గడ్డి, పెంటికలు, నీళ్లు రోజూ రాయాలి. వారానికి రెండుసార్లు వంటింటి తూకం మెషిన్ మీద బరువు చూడాలి. కండ తగ్గి పొట్ట ఉబ్బినట్టుంటే డాక్టరుకు చెప్పాలి.

* పర్హేజ్ ముఖ్యం. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. బోధన్ వైపు చెరుకు ముక్క, ఇళ్లలో బెల్లం, బిస్కెట్, రొట్టె, మక్క గింజలు ఇచ్చే అలవాటుంటే మానాలి. తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. పొలం గట్టు గరిక కోస్తే పురుగుల మందు కొట్టని చోటే కోయాలి.

* నీళ్ల గిన్నె ఖాళీ కాకూడదు. ఈ మందుతో దాహం, మూత్రం పెరుగుతాయి. మూత్రంతో తడిసిన బొచ్చు మీద ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడతాయి. రోజూ వెనక భాగం చూసి ఆరబెట్టాలి.

* తీగల పంజరం అడుగున మెత్తటి గోనె లేదా ఎండుగడ్డి వేయాలి. స్టెరాయిడ్ వాడే కుందేలుకు చిన్న గాయం కూడా త్వరగా మానదు.

* ఎండాకాలంలో ఇంకా జాగ్రత్త. కుందేలుకు చెమట పట్టదు, వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది. మే నెలలో నిజామాబాద్ ఎండలు 43 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల షెడ్డులో ఉంచొద్దు. నేల గదిలో, గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి.

* మందు ముట్టాక చేతులు సబ్బుతో కడగాలి. ఇంట్లో క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు ఉంటే పంజరం శుభ్రం చేసే పని వాళ్లకు ఇవ్వొద్దు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీయే. నల్లటి జిగురు పెంటికలు, పళ్లు కొరుకుతూ ముడుచుకు కూర్చోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ వాలడం, చెవులు చల్లబడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. కుందేలు మామూలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. 38 కంటే దిగితే ప్రాణాపాయం.

ఎక్కడ చూపించాలి?

ముందు దగ్గర్లోని ప్రభుత్వ పశు వైద్యశాలలో అడగాలి. కుందేలు వైద్యం తెలిసినవారు ఎక్కడున్నారో వాళ్లే దారి చూపగలరు. పరీక్షలు కావాలంటే పక్క జిల్లా జగిత్యాలలోని కోరుట్లలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పశు వైద్య కళాశాలలు ఉన్నాయి. రెండూ పీవీ నరసింహారావు తెలంగాణ పశు వైద్య విశ్వవిద్యాలయం కిందివే. ప్రయాణం పొద్దున్నే, చల్లటి పూట పెట్టుకోవాలి. దారిలో తినడానికి గడ్డి ఉంచాలి.

డాక్టరును నాలుగు మాటలు అడగండి: ఇది ఏ జబ్బు? ఇన్ఫెక్షన్ లేదని ఎలా తెలిసింది? స్టెరాయిడ్ కాకుండా వేరే మందు ఉందా? ఎన్ని రోజులు వాడి, ఎలా తగ్గించాలి? జవాబులు నోటుబుక్కులో రాసుకుని, పాత చీటీలు, ఇంట్లో ఇప్పటికే వేసిన మందుల పేర్లు దాచకుండా చూపించాలి. వేసిన గోళీ సంగతి చెప్పకపోతే డాక్టరు మెలాక్సికామ్ రాసే అవకాశం ఉంది, ఆ రెండూ కలిస్తే కుందేలు కడుపు తట్టుకోలేదు.