లంక గ్రామములు – స్థానిక పరిపాలనము



కోనసీమ యనగానే కొబ్బరితోటలును, వరిచేలును, కాలువగట్టులమీది యూళ్లును తలపునకు వచ్చును. జనము క్రిక్కిరిసిన సీమ యని ప్రతీతి. అది నిజమే. కాని గౌతమీ వైనతేయ వసిష్ఠల పాయలనడుమ కొద్దిపాటి గడపలు మాత్రమే గల లంకపల్లెలును కలవు. ఇట్టి చిన్నపల్లె తన్ను దాను పాలించుకొనుట యెట్లు సాధ్యమైనదో, అందు కొరత యేమి మిగిలినదో నేడు విన్నవించెదను.

వేంగీ చాళుక్యుల తామ్రశాసనములలో రాజు భూదానము చేయునపుడు ఆ ప్రాంతపు కుటుంబులను, అనగా కాపురస్థులను, సంబోధించి యాజ్ఞ తెలుపుట పరిపాటి. ఊరివారి యెరుకలో దానము జరుగవలెనను భావ మిందు కలదని నా తలంపు. తమిళదేశమున ఉత్తరమేరూరు శాసనములు పదియవ శతాబ్దినాటి గ్రామసభను వర్ణించుచున్నవి. తాటియాకులపై పేర్లు వ్రాసి కుండలో వైచి, సభ్యుల నెన్నుకొనిరట. అయినను భూమియు చదువును గలవారి పేర్లే యా కుండలో పడెను. తక్కినవారికి అందు చోటు లేదు.

కుంపిణీ ప్రభుత్వము 1816లో చేసిన రెగ్యులేషన్లవలన గ్రామ మునసబునకు చిన్నతగవులు తీర్చు నధికారము కలిగెను. శిస్తు వసూలు మునసబుది, లెక్క కరణముది. ఈ యుద్యోగములు వంశపారంపర్యముగా నడచెను. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప, వైనతేయమీద 49 కమానులతో కట్టిన గన్నవరము అక్విడక్టు మీదుగా కాలువనీరు ఆవలిసీమకు పారెను. పంటతోపాటు శిస్తును పెరిగెను. కరణము కలమునకు బలమును పెరిగెను. ఊరికి అధికారులు కలిగిరి గాని, ఊరికి నోరు కలుగలేదు.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము వెలువరించెను. దాని ననుసరించి 1884లో చెన్నరాజధానియందు జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, యూనియను పంచాయతులు ఏర్పడెను. యూనియనులు పెద్దయూళ్లకే దక్కెను. లంకరైతు శిస్తుతోపాటు సెస్సు కట్టెను. రోడ్డు మాత్రము ఏటి కావలిగట్టున పడెను. అతనికి రోడ్డనగా పడవయే గదా! 1920లో గ్రామపంచాయతుల చట్టము వచ్చెను. 1934లో తాలూకాబోర్డులు రద్దయ్యెను.

స్వాతంత్ర్యానంతరము 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు వెలసెను. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయ్యెను. 1994 చట్టము ప్రకారము 300 మందికి మించని గ్రామమునకును సభ్యులును ఒక సర్పంచియు ఉండవచ్చును. షెడ్యూల్డు కులములకును తెగలకును స్థానములు ప్రత్యేకించిరి. స్త్రీలకు మొదట మూడవవంతు, 2011లో సగము కేటాయించిరి. ఉత్తరమేరూరు కుండలో పడని పేర్లు నేడు ఓటుపెట్టెలో పడుచున్నవి. ఇది చిన్న మార్పు కాదు.

ఎదురులంకలో పుట్టిన జి.యం.సి. బాలయోగి గారు 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తునకు అధ్యక్షులై, 1998లో లోకసభకు స్పీకరైరి. ఆ యూరివద్ద గౌతమిపై కట్టిన వారధి వారి పేరనే యున్నది. స్థానిక సభ లంకబిడ్డ నెంతదూరము నడిపింపగలదో దీనివలన తెలియుచున్నది.

అయినను అన్ని లంకలకును వారధులు లేవు. ఒక చిన్నలంక పంచాయతీ సమావేశమునకు నేనొకమారు పోయితిని. ఇంటిపన్ను బకాయిలు చదివి ముగించిన పిదప ఒక సభ్యురాలు లేచి, "పన్ను కట్టమంటే కడతామండి. ఏరొచ్చినప్పుడు గొడ్లనెక్కించడానికి పడవేదండి?" అని యడిగెను. సర్పంచి లెక్కపుస్తకమును చూచి తలవంచుకొనెను. ఆ యూరి యేడాది పన్నంతయు పడవ మరమ్మతునకే చాలదు. గట్టు కోతకు రాతికట్టడము మాట చెప్పనేల? 1986 ఆగష్టు వరదను చూచినవారి కా ప్రశ్న బరువు తెలియును.

పన్ను తలలనుబట్టి వచ్చును; ఏటికోత తలల నెంచి రాదు. కావున చిన్నపంచాయతీకి నిధులు జనసంఖ్యనుబట్టియే గాక, అది కాచుకొనవలసిన గట్టునుబట్టియు ఈయవలెనని నా మనవి. 2022 ఏప్రిలు 4న కోనసీమ ప్రత్యేక జిల్లాయై, అమలాపురము దానికి ముఖ్యస్థానమయ్యెను. కచ్చేరి దగ్గరకు వచ్చినది. ఊరికి నోరు వచ్చినది. ఇక ఆ నోటిమాట నెరవేర్చు చేయియు రావలెను.